లేజరా, టర్పా అనే ముందు నాన్నగారి గుండె సంగతి చూడాలి

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. మాది నరసరావుపేట దగ్గర పల్లె. మా నాన్నగారికి 69 ఏళ్ళు, స్కూల్ హెడ్మాస్టర్‌గా రిటైరయ్యారు. ప్రొస్టేట్ పెరిగిందని ఏడాది నుంచి టామ్సులోసిన్, డ్యూటాస్టరైడ్ కలిపిన క్యాప్సూల్ వాడుతున్నారు, అయినా రాత్రి నాలుగైదుసార్లు లేస్తారు. పోయిన నెల పెళ్ళికి బస్సులో వెళ్తుంటే మూత్రం ఆగిపోయింది, హాస్పిటల్లో పైపు వేసి నాలుగు రోజులకి తీశారు. ఇప్పుడు పోతున్నారు గానీ ధార సన్నం. స్కానింగ్‌లో ప్రొస్టేట్ 92 గ్రాములు, పోసుకున్నాక ఇంకా 140 ఎంఎల్ లోపల ఉండిపోతోందని వచ్చింది. పైపు ఉన్నప్పుడు చేసిన పీఎస్‌ఏ రక్తపరీక్షలో 5.2 వచ్చింది. ఎనిమిది నెలల క్రితం హార్ట్ ఎటాక్ వస్తే గుండెకి స్టెంట్ వేశారు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. ఒక డాక్టర్ గారు టర్ప్ చేద్దామన్నారు, ఇంకొకరు హోలెప్ లేజర్ అన్నారు, ఖర్చు దాదాపు రెట్టింపు. మా బాబాయేమో లేజర్ అయితే కోత లేదు మత్తు లేదు సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు అంటాడు, పక్కింటాయన లేజర్ రేడియేషన్‌కి కాన్సర్ వస్తుందంటాడు. నాన్నగారు అసలేం మాట్లాడరు. మా తమ్ముడికి కూడా హైదరాబాద్‌లో కిడ్నీ రాయి లేజర్‌తోనే తీశారు, బాగానే ఉన్నాడు, స్టెంట్ ఒకటి ఇంకా తీయించుకోవాలి, రెండు నెలలైంది, ఆఫీసులో సెలవు దొరకట్లేదట. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు అన్ని వివరాలు రాశారు కాబట్టి నాకు పని తేలికైంది, చాలామంది "నాన్నకి ప్రొస్టేట్, లేజర్ మంచిదేనా" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు, దానికి ఏం చెప్పాలో నాకు తెలీదు. మీ ఉత్తరంలో రెండు సంగతులు నన్ను పట్టుకున్నాయి, రెండూ స్టెంట్లే, ఒకటి నాన్నగారి గుండెలోది, ఒకటి తమ్ముడి కిడ్నీ దగ్గరది. తమ్ముడి సంగతి చివర్లో చెప్తాను, మధ్యలో ఆపేయకుండా చదవండి.

ముందు పక్కింటాయన భయం తీర్చేద్దాం. లేజర్ అంటే కాంతి. ఎక్స్‌రేలాంటి రేడియేషన్ కాదు, దాంతో కాన్సర్ రాదు. ప్రొస్టేట్‌కీ రాళ్ళకీ ఎక్కువగా వాడే హోల్మియం లేజర్ అసలు కంటికి కనపడదు, దాని తరంగదైర్ఘ్యం 2,100 నానోమీటర్లు, ఇన్‌ఫ్రారెడ్‌లోకి వస్తుంది. థియేటర్లో స్క్రీన్ మీద ఎర్రగానో ఆకుపచ్చగానో చిన్న చుక్క కనిపిస్తూ ఉంటుంది, అది ఎక్కడ కొడుతున్నామో మాకు తెలియడానికి పెట్టిన లైటు, అసలు పని చేసేది కనపడకుండా దాని వెంటే వస్తుంది. ఆ కిరణాన్ని నీళ్ళు ఇట్టే పీల్చేసుకుంటాయి, ఒంట్లో కండంతా నీరే కదా, అందుకని అది అర మిల్లీమీటరు కూడా లోపలికి దిగదు. మాకు దాని మీద నమ్మకం కుదిరింది అందుకే, కనపడినంత వరకే కోస్తుంది, వెనకాల ఏం కాలుతుందో అన్న బెంగ ఉండదు. 1968లోనే రూబీ లేజర్‌తో రాళ్ళు పగలగొట్టి చూశారు, పగిలాయి కూడా, కాకపోతే వేడి తట్టుకోలేనంత, మనిషి లోపల వాడే పని కాదని పక్కన పెట్టేశారు. 1990ల్లో హోల్మియం వచ్చాకే మా యూరాలజీలో లేజర్ నిలబడింది.

మీ బాబాయి చెప్పిన దాంట్లో సగమే నిజం. కోత లేదు అన్నది కరెక్టే, అంతా మూత్రం వచ్చే దారిలోంచే చేస్తారు. అయితే టర్ప్‌కి కూడా కోత ఉండదు! అది కూడా ఆ దారిలోంచే. మత్తు మాత్రం రెండింటికీ కావాలి, నడుముకి సూది గానీ పూర్తి మత్తు గానీ. సాయంత్రానికి ఇంటికి అంటే మన దగ్గర మామూలుగా అవ్వదు, 92 గ్రాముల ప్రొస్టేట్, పైగా గుండె పేషెంట్, ఒకటి రెండు రోజులు పైపు ఉంటుంది, తర్వాత అది తీసి, తనంతట తను పోస్తున్నారా లేదా చూసి పంపుతారు. హోర్డింగుల మీద లేజర్ అని రాసి ఒక మెరుపు బొమ్మ వేస్తారు చూడండి, అది చూసి జనం ఇదేదో బయటి నుంచి లైటు కొడితే గడ్డ కరిగిపోతుంది అనుకుంటున్నారు, ఓపీలో రోజూ ఒకరైనా అదే అడుగుతారు నన్ను.

ఇప్పుడు రెండు ఆపరేషన్లకీ తేడా ఏంటో చెప్తా, కొబ్బరికాయతో చెప్తేనే మా ఓపీలో అందరికీ అర్థమవుతుంది. ప్రొస్టేట్‌కి బయట ఒక గట్టి పొర ఉంటుంది, అది చిప్ప అనుకోండి, లోపల పెరిగి మూత్రం దారిని నొక్కేసే కండ కొబ్బరి. టర్ప్ అంటే పచ్చికొబ్బరిని కోరుతో కోరినట్టు, కరెంటు తీగతో చిన్న చిన్న తునకలుగా కోరుకుంటూ వస్తాం, 1930ల నుంచీ చేస్తున్న మంచి ఆపరేషన్ అది, నేను నేర్చుకున్నదీ దాంతోనే. కాయ చిన్నదైతే ఏ ఇబ్బందీ లేదు. పెద్దదైతే టైమ్ ఎక్కువ పడుతుంది, రక్తం ఎక్కువ పోతుంది, ఎక్కడో చిప్పకి అంటుకుని కొంత మిగిలిపోతుంది, అది కొన్నేళ్ళకి మళ్ళీ పెరగొచ్చు. హోలెప్ అంటే కురిడీ. ఎండిన కురిడీకాయ కొడితే కొబ్బరి చిప్పని వదిలేసి గుండ్రంగా మొత్తం ఊడొస్తుంది కదా, అలాగే లేజర్‌తో ఆ కండకీ పొరకీ మధ్య సందు పట్టుకుని చుట్టూ విడదీసుకుంటూ వెళ్ళి మొత్తాన్ని మూత్రాశయంలోకి తోసేస్తాం. అక్కడ నుంచి బయటికి ఎలా వస్తుందంటే మోర్సిలేటర్ అని ఒక యంత్రం ఉంటుంది, సన్నని గొట్టం, కొసన బ్లేడు, అది కండని లోపలికి లాక్కుంటూ నమిలి బయట జాలీ డబ్బాలో పడేస్తుంది. మిక్సీ జార్‌లో కొబ్బరి వేసినప్పటి చప్పుడే అనుకోండి. డబ్బాలో పడిన ముక్కలన్నీ బయాప్సీకి పంపుతాం, అది మర్చిపోకూడని సంగతి, ఎందుకో కింద చెప్తాను.

ఈ పద్ధతిని 1990ల్లో న్యూజిలాండ్‌లో తౌరంగా అనే ఊళ్ళో పీటర్ గిల్లింగ్, మార్క్ ఫ్రాండార్ఫర్ అనే ఇద్దరు సర్జన్లు తయారు చేశారు. అంతకుముందు వంద గ్రాములు, నూట యాభై గ్రాముల ప్రొస్టేట్ అంటే పొట్ట కోసి తీయడమే ఎక్కువ. హోలెప్‌కి సైజుతో పెద్దగా పట్టింపు లేదు. టర్ప్‌కి 80 దాకా హాయిగా చేయొచ్చు అంటారు, మీ నాన్నగారిది 92. అంటే టర్ప్ చెప్పిన డాక్టర్ గారు తప్పు చెప్పారని కాదమ్మా, చెయ్యి తిరిగినవాళ్ళు 92 కూడా చేస్తారు, బైపోలార్ టర్ప్ అని ఉంది, అందులో లోపల కడగడానికి సెలైన్ వాడతారు కాబట్టి పాత టర్ప్‌లో లాగా గ్లైసిన్ నీళ్ళు రక్తంలోకి ఎక్కి సోడియం పడిపోయే ప్రమాదం లేదు. ఆయన్ని మీరు బైపోలారా మోనోపోలారా అని అడగండి. మోనోపోలార్, అదే ఆ పాత టర్ప్, అంటే మాత్రం 92 గ్రాములకి, గుండె జబ్బు మనిషికి, నేనైతే వద్దంటాను.

లేజర్ అన్నారు కదా అని కూడా ఆగిపోకండి, ఏ లేజర్, దాంతో ఏం చేస్తారు అని అడగాలి. గ్రీన్ లైట్ అని ఒకటుంది, 532 నానోమీటర్లు, అది నీళ్ళని వదిలేసి రక్తంలో ఎర్రరంగుని పట్టుకుంటుంది, కండని ఆవిరి చేసేస్తుంది, రక్తం చాలా తక్కువ పోతుంది, రక్తం పలచబడే మందులు ఆపలేనివాళ్ళకి అది మంచిదే. కానీ ఆవిరైపోయాక ఇంక బయాప్సీకి ఏం పంపుతారు? థూలియం అని ఇంకొకటి, 1,940 నానోమీటర్లు, దాంతోనూ హోలెప్ లాగే ఒలిచి తీస్తారు, ఈ మధ్య మన దగ్గర కూడా బాగా వచ్చింది, రాళ్ళకి కూడా అదే మిషన్ వాడతారు. హోల్మియమా థూలియమా అని మీరు తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, చేసే మనిషి ఏది రోజూ చేస్తారో అదే మంచిది. హోలెప్ నేర్చుకోవడం కష్టం, ఆ సందు దొరకబట్టుకోవడానికే మాలో చాలామందికి మొదటి 40, 50 కేసులు పడుతుంది. "సార్, మీరు ఇప్పటిదాకా ఎన్ని హోలెప్‌లు చేశారు" అని అడగడానికి మొహమాటపడకండి. నాలుగు వందలు చేసినాయన నవ్వుతూ చెప్తారు. నలుగురికి చేసి మిషన్ ఈఎంఐ కడుతున్నాయన కూడా మొహంలోనే తెలిసిపోతారు లెండి. రోజూ టర్ప్ చేసే చెయ్యి, అప్పుడప్పుడు లేజర్ పట్టుకునే చెయ్యి, ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను మొదటిదాని వైపే వెళ్తాను.

అయితే ఇదంతా ఎప్పుడు చేయాలన్నది అసలు ప్రశ్న. ఎనిమిది నెలల క్రితం ఎటాక్ వచ్చి స్టెంట్ వేశారన్నారు. ఎటాక్ వచ్చి స్టెంట్ వేసినవాళ్ళకి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ అనే ఆ రెండు రక్తం పలచబరిచే మందులూ మామూలుగా ఏడాది పాటు ఇవ్వాలి, మధ్యలో ఆపితే స్టెంట్ లోపలే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, అది ప్రొస్టేట్‌తో పోల్చే ప్రమాదం కాదు. లేజర్ అయితే రక్తం తక్కువ పోతుంది కాబట్టి మందులు ఆపకుండానే చేసేయొచ్చు అని మీకు చెప్పి ఉండొచ్చు, అందులో నిజం ఉంది, అలా చేస్తాం కూడా. కానీ క్లోపిడోగ్రెల్ మీద ఉన్న మనిషికి నడుముకి సూది ఇవ్వరు, వెన్ను దగ్గర రక్తం చేరి నరాల్ని నొక్కుతుందని భయం, దానికి ఐదు నుంచి ఏడు రోజుల ముందే ఆపాలి. ఆపకపోతే పూర్తి మత్తు ఇవ్వాలి, ఎటాక్ వచ్చిన గుండెకి అది కూడా ఆలోచించాల్సిందే. కాబట్టి నాన్నగారికి ఇప్పుడు మూత్రం పోతోంది, 140 ఎంఎల్ మిగలడం అంత భయపడాల్సింది కాదు, క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) నార్మల్‌గా ఉండి, స్కాన్‌లో కిడ్నీలు వాచకుండా, జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తం ఏవీ లేకపోతే, ఈ నాలుగు నెలలు ఆగి, ఏడాది నిండాక గుండె డాక్టర్ గారు క్లోపిడోగ్రెల్ ఆపొచ్చు అన్నప్పుడు ఆస్పిరిన్ ఒక్కటి మీద ఉంచి చేయించడం మంచిదని నా అభిప్రాయం. ఆ మాట గుండె డాక్టర్ గారి చేత కాగితం మీద రాయించుకోండి. మీ అంతట మీరు ఒక్క రోజు కూడా ఆపకండి, మందుల షాపాయన చెప్పాడని అసలే ఆపకండి. ఈలోపు మళ్ళీ ఆగిపోతే పైపు వేస్తారు, పైపుతో కొన్ని వారాలు ఉండటం చిరాకే గానీ దానివల్ల కొంప మునగదు. క్రియాటినిన్ పెరుగుతోందంటే మాత్రం లెక్క మారిపోతుంది, అప్పుడు వెంటనే పైపు, తర్వాత ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని తేదీ పెట్టాలి.

ఆగే ఈ నాలుగు నెలల్లో చేయాల్సిన పని ఒకటుంది, పీఎస్‌ఏ, అంటే ప్రొస్టేట్‌లో కాన్సర్ అనుమానం ఉందేమో చూసే రక్తపరీక్ష. పైపు ఉన్నప్పుడు చేసిన టెస్టు నమ్మడానికి లేదు, మూత్రం ఆగిపోయినా పైపు వేసినా ఆ నంబర్ పెరుగుతుంది. ఇంకోవైపు డ్యూటాస్టరైడ్ ఆరు నెలలు దాటి వాడితే అదే నంబర్‌ని దాదాపు సగానికి దించేస్తుంది, అంటే ఏడాదిగా వాడుతున్న నాన్నగారి కాగితం మీద ఎంత వస్తే దానికి రెట్టింపు అనుకుని చూడాలి. ఒకటి పైకి లాగుతోంది, ఒకటి కిందికి లాగుతోంది, 5.2 అంటే అసలెంతో ఎవరికి తెలుసు. పైపు తీసిన ఆరు వారాల తర్వాత మళ్ళీ చేయించి, డ్యూటాస్టరైడ్ వాడుతున్నారని గట్టిగా చెప్పి చూపించండి. అనుమానంగా ఉంటే ఎంఆర్ఐ చేయిస్తారు, అవసరమైతే ముందే బయాప్సీ చేస్తారు. ఎందుకంటే కాన్సర్ ఉంటే వైద్యమే వేరు. ఇందాక జాలీ డబ్బా ముక్కల్ని బయాప్సీకి పంపుతాం అన్నది కూడా ఇందుకే, అన్నీ బాగున్నాయనుకున్న వాటిలోనూ అప్పుడప్పుడు చిన్న కాన్సర్ మచ్చ దొరుకుతుంది.

రాత్రిళ్ళు లేవడానికి ఇప్పటికి చేయగలిగింది, సాయంత్రం ఆరు తర్వాత నీళ్ళు, మజ్జిగ, టీ తగ్గించమనండి. బస్సెక్కే ముందు పోసుకుని ఎక్కాలి, ఆపుకోకూడదు. జలుబు చేస్తే మెడికల్ షాపులో ఇచ్చే జలుబు బిళ్ళ వేసుకోవద్దు, వాటిల్లో కొన్నిటికి మళ్ళీ మూత్రం ఆగిపోతుంది, నా దగ్గరికి చలికాలంలో అలా వచ్చేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. టామ్సులోసిన్‌తో లేచి నిలబడగానే కళ్ళు తిరగొచ్చు, రాత్రి మంచం మీద నిమిషం కూర్చుని లేవమనండి. కంటి శుక్లం ఆపరేషన్ ఏమైనా ఆలోచనలో ఉంటే ఈ మందు వాడుతున్నట్టు కంటి డాక్టర్‌కి ముందే చెప్పాలి, కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర వదులైపోయి వాళ్ళకి ఆపరేషన్‌లో ఇబ్బంది అవుతుంది.

ఇంకొకటి, ఇది మీకు చెప్పడానికి నాకూ కాస్త ఇబ్బందే, కూతురికి చెప్పాల్సిన మాట కాదు, కానీ ఎవరూ చెప్పరు. టర్ప్ చేసినా హోలెప్ చేసినా తర్వాత చాలామందికి వీర్యం బయటికి రాదు, వెనక్కి మూత్రాశయంలోకి వెళ్ళిపోతుంది. దానివల్ల ప్రమాదం లేదు, మగతనం పోవడం కూడా కాదు, కానీ ముందు తెలీకపోతే మనిషి లోలోపల కుమిలిపోతాడు. 69 ఏళ్ళ మనిషికి ఇదెందుకు అని మేమే, డాక్టర్లమే, అనుకుని ఊరుకుంటాం, అది తప్పు. నాన్నగారు ఏం మాట్లాడట్లేదన్నారు కదా, ఆయన మనసులో ఏముందో మీరు ఉండగా చెప్పరు. ఈసారి వెళ్ళినప్పుడు ఏదో ఫోన్ వచ్చినట్టు మీరు పది నిమిషాలు బయటికి వెళ్ళండి, ఆయన్ని డాక్టర్ గారితో ఒక్కరినే వదిలేయండి.

హోలెప్ తర్వాత కొన్ని వారాలు దగ్గినా తుమ్మినా చుక్కలు పడొచ్చు, కొందరికి రెండు మూడు నెలలు పడుతుంది తగ్గడానికి. పెద్దకాయ అయితే ఇంకాస్త ఎక్కువ. దానికి ఎక్సర్‌సైజు ఉంది, నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ బయటికి రాకుండా బిగపట్టుకుంటాం చూడండి, అదే బిగింపు, ఐదు లెక్కపెట్టి వదలాలి, రోజుకి ముప్ఫై నలభైసార్లు. ఆపరేషన్ అయ్యాక మొదలుపెట్టడం కంటే ఈ నాలుగు నెలలూ ఖాళీయే కాబట్టి ఇప్పటి నుంచే చేయించండి.

ఖర్చు సంగతి. లేజర్‌కి ఎక్కువ ఎందుకంటే మిషన్ ఖరీదు, ఫైబర్ ఖరీదు, మోర్సిలేటర్ బ్లేడు ఖరీదు. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు మన ఏపీలో ఎన్టీఆర్ వైద్యసేవ, కార్డు ఉంటే హాస్పిటల్లో కూర్చునే ఆరోగ్యమిత్రని అడగండి, ఏ ఆపరేషన్ పేరు మీద అప్రూవల్ వస్తుందో అడ్మిట్ అవ్వకముందే తేల్చుకోండి. నాన్నగారు రిటైర్డ్ టీచర్ కాబట్టి హెల్త్ కార్డు ఉండి ఉంటుంది, అది ఆ హాస్పిటల్లో నడుస్తుందో లేదో చూడండి. అప్పు చేసి లేజర్ చేయించుకోవాల్సినంత తేడా లేదమ్మా, బైపోలార్ బాగా చేసే మనిషి దొరికితే అది కూడా మంచి వైద్యమే. డబ్బుకి ఇబ్బంది లేకపోతే, బాగా చేసే చెయ్యి దొరికితే, 92 గ్రాములకి నా ఓటు హోలెప్‌కే, మళ్ళీ పెరిగి ఆపరేషన్‌కి వచ్చేవాళ్ళు దాంట్లో చాలా తక్కువ.

ఇక మీ తమ్ముడు. మీరు ఒక్క లైన్లో రాసేసిన సంగతి నాకు అన్నిటికంటే అర్జెంటుగా కనిపించింది. కిడ్నీ రాయికి లేజర్ ఎలా వాడతారంటే, రెండు మూడు వెంట్రుకల మందం ఫైబర్‌ని మూత్రం దారిలోంచి కిడ్నీ దాకా తీసుకెళ్ళి రాయిని పొడి చేస్తారు, ఆ పొడి దిగే దారి మూసుకుపోకుండా, వాపు తగ్గేదాకా డీజే స్టెంట్ అని మెత్తని గొట్టం వదిలేస్తారు, రెండు చివరలా మెలి తిరిగి ఉంటుంది. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో తీసేయాలి. రెండు నెలలైందన్నారు! ఈ గొట్టం ఉన్నప్పుడు మాటిమాటికీ మూత్రం రావడం, బైకెక్కితే మూత్రం ఎర్రగా రావడం, పోస్తున్నప్పుడు నడుములో లాగడం ఉంటాయి, కొందరికి అలవాటైపోయి అసలు ఉన్నట్టే తెలీదు, మర్చిపోయేది వాళ్ళే. పన్నెండేళ్ళ క్రితం ఒక లారీ డ్రైవర్ వచ్చాడు నా దగ్గరికి, ఎక్కడో స్టెంట్ వేయించుకుని మూడేళ్ళు మర్చిపోయాడు. ఎక్స్‌రే చూస్తే మన బోరునీళ్ళకి గీజర్ కాయిల్ మీద సున్నం పట్టినట్టు ఆ గొట్టం అంతా రాయి పట్టి ఉంది, కిడ్నీలో ఉన్న మెలి నిమ్మకాయంత అయిపోయింది. కింద మూత్రాశయంలో ఉన్న కొసని లేజర్‌తో గంటన్నర కొట్టాం, పైదానికి వారం తర్వాత వీపులోంచి కన్నం పెట్టి తీయాల్సొచ్చింది. అతను టైముకి వచ్చి ఉంటే జెల్లీ మందు పెట్టి ఐదు నిమిషాల్లో లాగేసే పని, అదే రోజు లారీ ఎక్కేవాడు.

రాయి మళ్ళీ రాకుండా ఏం తినాలి అన్నది తర్వాత చూసుకోవచ్చు. నీళ్ళు బాగా తాగాలి, ఉప్పు, ఊరగాయలు తగ్గించాలి, పాలు మానకూడదు, టమాటాకి మాత్రం అనవసరంగా చెడ్డపేరు వచ్చింది. ముందు స్టెంట్. ఈ రాత్రే ఫోన్ చేసి అతని డిశ్చార్జ్ కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమనండి, స్టెంట్ వేసిన తేదీ అందులో ఉంటుంది. జ్వరం, చలి ఏమైనా వస్తున్నాయా అడగండి, వస్తుంటే సెలవు సంగతి మర్చిపోయి రేపే హాస్పిటల్‌కి వెళ్ళాలి. లేకపోతే వేసిన హాస్పిటల్‌కే మీరు ఫోన్ చేసి శనివారం అపాయింట్‌మెంట్ తీసుకుని, తీసుకున్నాక అతనికి చెప్పండి.